మూడు రంగుల స్టిక్కర్లు తీసేశాక

మా బడిలో ముగ్గురం టీచర్లం. నాలుగు, ఐదు తరగతులు నావి. రెండూ కలిపి 27 మంది, ఒకటే గది, ఒకటే బ్లాక్‌బోర్డు. ఊరు పాలమూరు వైపు. బడికి కూతవేటు దూరంలో తండా ఉంది, పిల్లల్లో దాదాపు సగం మంది అక్కడి నుంచే వస్తారు. 2023 జూన్‌లో ఈ తరగతి నా చేతికి వచ్చినప్పుడు ఒక పద్ధతి మొదలుపెట్టి, మూడు నెలలకే దాన్ని వదిలేశాను. ఎందుకు మొదలుపెట్టానో, ఎందుకు వదిలేశానో రాస్తాను. పిల్లల పేర్లు మాత్రం రాయను.

ఒక్కో పిల్లవాడు ఒక్కోలా నేర్చుకుంటాడని టీచర్ శిక్షణ కోర్సు డీఎడ్‌లో చదివాం. కొందరు చూసి, కొందరు విని, కొందరు చేతులతో చేసి నేర్చుకుంటారని శిక్షణ తరగతుల్లోనూ విన్నాం. ఆ మాట నాకు మొదటి నుంచీ ఇష్టం. చిన్నప్పుడు లెక్కలు రావని నన్ను మూడేళ్ళు వెనక వరసలో కూర్చోబెట్టారు. పాఠం అందరికీ ఒకే రకంగా చెప్పి, అందినవాళ్ళకు అందింది, లేనివాళ్ళు మొద్దులు అనుకునే తీరు ఎంత బాధపెడుతుందో నాకు తెలుసు. నా క్లాసులో అలా జరగకూడదనుకున్నాను.

టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్నావళి దొరికింది. పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో రాసుకుని ఒక్కొక్కరినీ అడిగాను. "కొత్త ఆట ఎలా నేర్చుకుంటావు? ఎవరైనా ఆడుతుంటే చూసా, చెబితే వినా, నువ్వే ఆడా?" ఇలాంటివి పదిహేను ప్రశ్నలు. జవాబులు లెక్కేసి నోటు పుస్తకాల అట్టల మీద గుండ్రటి స్టిక్కర్లు అంటించాను. చూసి నేర్చుకునేవాళ్ళకు ఎరుపు, వినేవాళ్ళకు నీలం, చేసేవాళ్ళకు పసుపు. పదకొండు ఎరుపు, ఏడు నీలం, తొమ్మిది పసుపు.

ఆ తర్వాత ప్రతి లెక్కల పాఠానికీ మూడు రకాల తయారీ. ఎరుపు వాళ్ళకు చార్టు, నీలం వాళ్ళకు పాటలాగా కట్టిన సూత్రం, పసుపు వాళ్ళకు పుల్లలూ గింజలూ. రాత్రి పదకొండు దాకా చార్టులు రాసేదాన్ని. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మా క్లాసు ఫోటోలు చూసి అందరూ మెచ్చుకున్నారు. పిల్లలు కూడా హుషారుగా ఉన్నారు. పద్ధతి పని చేస్తోందనే అనుకున్నాను.

ఆగస్టులో చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక లెక్క 52 లోంచి 17 తీసేయడం. 27 మందిలో 35 అని సరిగ్గా రాసింది ఆరుగురే. పదహారు మంది 45 అని రాశారు. మిగతా ఐదుగురిలో కొందరు ఖాళీ వదిలేశారు, కొందరు ఇంకేదో రాశారు.

ఆ పదహారు పుస్తకాలనూ ఆ రోజు సాయంత్రం బల్ల మీద పరిచి చూశాను. అట్టల మీద మూడు రంగులూ ఉన్నాయి. చూసి నేర్చుకుంటారనుకున్నవాళ్ళు, వినేవాళ్ళు, చేసేవాళ్ళు అందరూ ఒకే చోట ఒకే తప్పు చేశారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసి ఐదు వేశారు. ఐదులోంచి ఒకటి తీసి నాలుగు వేశారు. అంకెల్లో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే తీసివేత అని వాళ్ళకు అర్థమైంది. మరి నేను మూడు రకాలుగా చెప్పిందేమిటి? ఒకే సంగతిని మూడు ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాను. ఎవరికీ పూర్తిగా అందలేదు.

అదే నెలలో ఇంకో రెండు సంగతులు జరిగాయి.

ఒకటి, తెలుగు పీరియడ్‌లో ఒక పాపను పేరా చదవమన్నాను. పుస్తకం తీయకుండా నిలబడి, "నేను పసుపు మేడం. నాకు చదువుడు రాదు, చేసుడే వస్తది" అంది. ఆ పిల్ల గొంతులో బాధ కూడా లేదు. నాకు ఎడమ చెయ్యి వాటం అని చెప్పినంత మామూలుగా చెప్పింది. వెనక వరస వద్దనుకుని మొదలుపెట్టిన నేనే, పిల్ల నోటితో తనకు చదువు రాదనిపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది, కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడి సంగతి. వాడికి నీలం స్టిక్కర్ ఇచ్చాను. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెప్పేవాడు. ఎక్కాలు నోటికి వచ్చేవి. బోర్డు మీద రాసింది మాత్రం ఎప్పుడూ ఎక్కించుకునేవాడు కాదు, నోటు పుస్తకం సగం ఖాళీ. విని నేర్చుకునే పిల్లవాడు కదా, రాతలో వెనకబడటం సహజమే అనుకుని వాడికి నోటి పని ఇంకా పెంచాను. ఆగస్టు చివర్లో ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు పిల్లలను పరీక్ష చేయడానికి వచ్చారు. గోడకు చార్టు తగిలించి ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించారు. వాడు పైన ఉన్న పెద్ద అక్షరం తర్వాత ఒక్క వరస కూడా చదవలేకపోయాడు. డాక్టరు నా వైపు తిరిగి, "వీడు బోర్డు ఎట్ల చూస్తుండు మేడం ఇన్ని రోజులు?" అని అడిగారు.

చూడటం లేదు. అందుకే వింటున్నాడు. అది వాడి శైలి అని నేను కాగితం మీద రాసుకున్నాను.

అక్టోబరులో కళ్ళజోడు వచ్చింది. మొదటి రోజు పెట్టుకుని కూర్చుని, చాలాసేపు బోర్డు పై మూల వైపే చూశాడు. తర్వాత, "మేడం, తారీఖు రోజూ రాస్తరా అక్కడ?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లల వైపు తిరగడానికి కాసేపు పట్టింది.

స్టిక్కర్లు ఆ లోపే తీసేశాను. పిల్లలు అడిగితే, అది నేను చేసిన తప్పు అని, అందరూ అన్ని రకాలుగానూ నేర్చుకోగలరని చెప్పాను. అట్టల మీద గమ్ము మరకలు మాత్రం ఏడాదంతా అలాగే ఉండిపోయాయి.

నేను చదివిందాంట్లో తప్పెక్కడుందో తెలుసుకోవాలనిపించింది. ఇంగ్లీషు కష్టపడి చదువుకున్నాను, మా తమ్ముడు కొంత సాయం చేశాడు. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చూసి, విని, చేసి నేర్చుకుంటారనే ఈ 'అభ్యసన శైలుల' మీద వచ్చిన పరిశోధనలను పరిశీలించి ఒక సమీక్ష రాశారు. వాళ్ళు చెప్పింది సూటిగా ఉంది. చూసి నేర్చుకునేవాళ్ళు అనుకున్నవాళ్ళలో కొందరికి చూపించి, కొందరికి వినిపించి చెప్పాలి. వినేవాళ్ళు అనుకున్నవాళ్ళకూ అలాగే చేయాలి. ఎవరి శైలిలో వాళ్ళకు చెప్పినప్పుడే ఎక్కువ వచ్చిందని తేలితేనే ఈ మాట నిజం. అలా సరిగ్గా చేసిన పరిశోధనలే చాలా తక్కువ, వాటిలోనూ ఈ మాటను గట్టిగా నిలబెట్టే ఫలితం లేదు. తెలివి ఒకటే కాదు, చాలా రకాలు అనే బహుళ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని 1983లో చెప్పిన హోవార్డ్ గార్డ్‌నర్ కూడా తన సిద్ధాంతం వేరు, అభ్యసన శైలులు వేరు అని తర్వాత స్పష్టంగా రాశాడు. మాకు శిక్షణల్లో రెండింటినీ కలిపేసి చెప్పారు.

పిల్లలకు ఇష్టాలు ఉండవని కాదు. బొమ్మలు ఇష్టపడే పిల్ల ఉంటుంది, పాట ఇష్టపడే పిల్లవాడు ఉంటాడు. ఆ ఇష్టాన్ని బట్టి పాఠాన్ని పంచిపెడితే ఎక్కువ వస్తుందన్నదే నిలబడటం లేదు. పటం చూడకుండా భూగోళం ఎవరికీ రాదు, వినకుండా ఉచ్చారణ ఎవరికీ రాదు. పాఠాన్ని బట్టి దారి ఎంచుకోవాలి. నేను పిల్లల మీద రంగు చూసి ఎంచుకున్నాను.

మరి 27 మంది ఒకేలా లేరన్నది నా కళ్ళ ముందు నిజం. తేడా దేంట్లో ఉంది? అది తెలుసుకోవడానికి సెప్టెంబరు మొదట్లో మూడు రోజులు కేటాయించాను. పిల్లలకు రాత పని ఇచ్చి, వరండాలో వేపచెట్టు నీడ పడే చోట ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. మనిషికి ఏడెనిమిది నిమిషాలు. అడిగింది తక్కువ. ఈ లెక్క చెయ్యి, ఎలా చేశావో చెప్పు. ఈ పేరా చదువు, ఏం అర్థమైందో చెప్పు. 52 రాసి, ఇందులో ఐదు అంటే ఎంత అని అడిగాను. యాభై అని చెప్పింది తొమ్మిది మంది. మిగతా పద్దెనిమిది మందికి ఐదు అంటే ఐదే.

నాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్నలో దొరికింది. పదుల స్థానం అంటే ఏమిటో తెలియని పిల్లలకు నేను తీసివేతను పాటలుగా, బొమ్మలుగా చెబుతూ వచ్చాను. ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, ఈ సమాచారంలో కొంత నా దగ్గరే ఉంది. మన తెలంగాణలో చదవడం, లెక్కల పునాది కోసం 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి, పిల్లలకు ఏం వచ్చో ముందే చూసే బేస్‌లైన్ పరీక్షలు పెడుతున్నాం, పిల్లల స్థాయిలు రాసి పంపిస్తున్నాం. కాగితాలు నింపడమే పెద్ద పనైపోయి, వాటిని చదవడం మర్చిపోయాను. పిల్లల చదువు మీద పని చేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాదు, ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుంచి చెప్పమంటారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పద్ధతిని బడుల్లో పరీక్షించి చూశారు, ఫలితం ఉందని తేల్చారు.

అప్పుడు మళ్ళీ తీసివేత మొదలుపెట్టాను, ఈసారి అందరికీ కలిపి. చీపురు పుల్లలు విరిచి, కిరాణా షాపులో రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్ కొని, పిల్లలతోనే పదేసి కట్టలు కట్టించాను. రెండు రోజులు కట్టలు కట్టడం, విప్పడం, లెక్కపెట్టడం తప్ప ఇంకేం చేయలేదు. ఐదో తరగతి పిల్లలు మొదట చిన్నతనంగా అనుకున్నారు, తర్వాత వాళ్ళే పోటీలు పెట్టుకున్నారు.

మూడో రోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మధ్యలో 52 పుల్లలు పెట్టాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఒక పిల్లవాడు దుకాణదారు. ఇంకో పిల్ల వచ్చి పదిహేడు కావాలంది. వాడు ఒక కట్ట ఇచ్చాడు. విడిగా ఉన్న రెండూ ఇచ్చాడు. ఆ పిల్ల చెయ్యి చాపే ఉంచి, ఇంకా ఐదు అంది. వాడు కట్టల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆ రోజు నాకు చాలా కష్టమైంది. గదిలో చప్పుడు లేదు. కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడు, అప్పటికి ఇంకా కళ్ళజోడు రాలేదు, ముందుకు వంగి ఒక కట్టను వేలితో తడిమాడు.

"కట్ట ఇప్పాలె మేడం. ఇప్పకుంటే ఏడికెల్లి ఇస్తం?"

రబ్బరు బ్యాండు ఊడదీసి ఐదు పుల్లలు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలినవి మూడు కట్టలు, ఐదు పుల్లలు. ముప్పై ఐదు. అప్పుడు ఇంకో పిల్ల, ఆగస్టు పరీక్షలో 45 అని వేసిన పిల్లే, "మరి మేం నలభై ఐదు ఎట్ల రాసినం? ఉన్నదే యాభై రెండు, పదిహేడు పోతే నలభై ఐదు ఎట్లుంటయి?" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే వాళ్ళకు అందేది కాదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మనం దీన్ని 'అప్పు తెచ్చుకోవడం' అని చెబుతాం, నేనూ అలాగే పాట కట్టాను. ఒక పిల్లవాడు ఒకసారి, "అప్పు మళ్ళ ఎప్పుడు కడ్తరు మేడం?" అని అడిగాడు. ఇళ్ళలో అప్పు అంటే ఏమిటో తెలిసిన పిల్లలు వాళ్ళు. లెక్కలో అప్పు ఎవరూ తిరిగి కట్టరు, ఆ మాట వాళ్ళను తికమక పెడుతోంది. అప్పటి నుంచి మా క్లాసులో అప్పు లేదు, 'కట్ట విప్పడం' అనే అంటాం. తోటి టీచర్లకు కూడా ఇదే చెబుతున్నాను.

పుల్లల తర్వాత బొమ్మ. కట్టకు నిలువు గీత, విడి పుల్లకు చుక్క. గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం. ఆ తర్వాతే అంకెలు. చేతితో చేసింది, బొమ్మగా గీసింది, గుర్తులతో రాసింది అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1966లో చెప్పిన వరస ఇదే. నేను మూడు గ్రూపులకు పంచిన మూడింటినీ ఇప్పుడు ప్రతి పిల్లా ఒకదాని తర్వాత ఒకటిగా దాటుతోంది. కొందరికి పుల్లలతో ఒక్క రోజు చాలింది, కొందరు మూడు వారాలు వదల్లేదు. ఎవరినీ తొందరపెట్టలేదు.

ఇంకో దారి ఒక పాప నాకు నేర్పింది. అంగడి రోజున వాళ్ళమ్మతో మిరపకాయలు అమ్మడానికి కూర్చుంటుంది. కాగితం మీద లెక్క ఇస్తే ఒక్కటీ వచ్చేది కాదు. ఒకసారి ఏదో కొనడానికి నేను వెళ్ళి పదిహేడు రూపాయల సరుకుకు యాభై నోటు ఇచ్చాను. "పదిహేడు, మూడు ఇరవై, ఇగో ముప్పై" అంటూ ముప్పై మూడు రూపాయలు చేతిలో పెట్టింది. ఆలోచించినట్టు కూడా లేదు. మర్నాడు బోర్డు దగ్గరికి పిలిచి, నిన్న ఎట్ల ఇచ్చావో అట్లే చెప్పమన్నాను. నేను ఒక అడ్డగీత గీసి, దాని మీద 17 నుంచి 20కి ఒక దూకు, 20 నుంచి 50కి ఇంకో దూకు గీశాను. 52 అయితే ఇంకో రెండు. మూడు, ముప్పై, రెండు కలిపితే 35. ఆ రోజు నుంచి అది మా క్లాసులో రెండో పద్ధతి, దానికి ఆ పిల్ల పేరే పెట్టారు పిల్లలు. పుల్లలతో తిప్పలు పడుతున్న ఇద్దరికి ఇది వెంటనే పట్టుబడింది.

2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, బెనర్జీ, డఫ్లో బృందానిదే. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మే పిల్లలు పెద్ద పెద్ద బేరాల లెక్కలు మనసులోనే చేస్తారు, బడి పద్ధతిలో అడిగితే చేయలేరు. బడి పిల్లలకు దీనికి తిరగేసిన కష్టం, బడి లెక్కలు చేస్తారు, బజారు లెక్కల దగ్గర తడబడతారు. చదువుతుంటే ఆ మిరపకాయల గంపే కళ్ళ ముందుంది.

తండా పిల్లల సంగతి ఇంకోటి. వాళ్ళ ఇంటి భాష లంబాడీ. లెక్క వస్తుంది, రాత లెక్క అర్థం కాదు. 'ఇంకా ఎన్ని కావాలి', 'ఎంత తక్కువ' లాంటి మాటల దగ్గర ఆగిపోతారు. నాకు వాళ్ళ భాష రాదు. అందుకని ప్రతి రాత లెక్కనూ ముందు తండా పిల్లల్లో ఒకరు వాళ్ళ మాటల్లో చెప్పాలి, తర్వాతే పలక తీయాలి అని పెట్టుకున్నాం. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. నేను కూడా సంఖ్యలు పది దాకా వాళ్ళ భాషలో నేర్చుకున్నాను. నా ఉచ్చారణను ఎవరో ఒకరు సరిచేస్తూనే ఉంటారు.

రోజువారీ ఎలా నడిపానని తోటి టీచర్లు అడుగుతుంటారు. మొదటి ఇరవై నిమిషాలు అందరికీ ఒకే పాఠం, కలిసే కూర్చుంటారు. తర్వాత ముప్పై నిమిషాలు గ్రూపులు, అవసరాన్ని బట్టి. రెండంకెల సంఖ్యే పూర్తిగా రానివాళ్ళు నా దగ్గర, మిగతా వాళ్ళు జంటలుగా. రెండు వారాలకోసారి గ్రూపులు మారతాయి, లెక్కల గ్రూపు వేరు, తెలుగు గ్రూపు వేరు. ఈ మార్చడం తప్పనిసరి. స్థాయి కూడా ఇంకో స్టిక్కర్‌గా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు. సిలబస్ వెనకబడుతోందని నవంబరులో నాకు టెన్షన్ వచ్చిన మాట నిజం. హెచ్‌ఎం గారు, "మీరు చెప్పడం అయితే సిలబస్ అయినట్టా, వాళ్ళకు వస్తే అయినట్టా?" అన్నారు. ఆ మాట ఆ ఏడాది నాకు పెద్ద ధైర్యం.

రాత్రి చార్టుల పని ఆగిపోయింది. ఇప్పుడు నా టైమంతా పిల్లల నోటు పుస్తకాల్లో తప్పులు చదవడానికే పోతుంది. ఏ తప్పు ఎందుకు చేశారో పక్కన చిన్నగా రాసుకుంటాను. మర్నాటి పాఠం అక్కడి నుంచే వస్తుంది.

ఫిబ్రవరిలో అదే లెక్కల రకం మళ్ళీ ఇచ్చాను. 27 మందిలో పందొమ్మిది మంది సరిగ్గా చేశారు. ఏడుగురికి పుల్లలు ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. వాళ్ళకు పుల్లలు ఉంచాను. 'చదువుడు రాదు' అన్న పాప పేరా దాకా వచ్చింది, కథ ఇంకా తడబడుతూ చదువుతుంది, కానీ చదవమంటే లేచి పుస్తకం తీస్తుంది.

ఇంకొక్కరు ఆ పరీక్ష రాయలేదు. సంక్రాంతి అయ్యాక ఒక పాప అమ్మానాన్నలతో ఇటుక బట్టీకి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడే కట్ట విప్పడం వచ్చింది తనకు, అంకెల్లోకి ఇంకా రాలేదు. వెళ్ళే ముందు రోజు బడికి వచ్చి, కట్టలు తీసుకుపోవచ్చా మేడం అని అడిగింది. పది కట్టలు ఒక సంచిలో వేసి, పలక, బలపాలతో పాటు ఇచ్చాను. వాళ్ళ నాన్న ఫోన్ నంబరు రాసుకున్నాను. ఆదివారాలు సిగ్నల్ ఉంటే మాట్లాడుతుంది. నేను రెండు లెక్కలు చెబుతాను, అవతల పుల్లల చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి జవాబు చెబుతుంది. జూన్‌లో తిరిగి వస్తామని వాళ్ళ నాన్న అన్నాడు.